మోకాలి ఫిల్ము - మోకాలి నొప్పి
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో మేము పిల్లల చదువుల గురించి మాట్లాడటం రివాజు. ఈసారి కార్యదర్శిగారు మోకాళ్ళ నొప్పుల మీద చెప్పమన్నారు. ఉర్దూ పాఠశాలలో లెక్కలూ సైన్సూ చెప్పుకునే పంతుళ్ళం, మాకూ మోకాళ్ళకూ ఏమిటి సంబంధం అని మీలో కొందరికి అనిపించవచ్చు. సంబంధం ఉంది. సంఘం వైద్య సహాయ నిధికి వచ్చే దరఖాస్తులు చదివి, ఉర్దూలో ఉన్నవి తెలుగులో రాసిపెట్టే పని మూడేళ్ళుగా మాకు అప్పగించారు. వాటిలో మోకాళ్ళవే ఎక్కువ. ప్రతి దరఖాస్తుకూ ఒక ఎక్స్‌రే ఫిల్ము జతపరచి ఉంటుంది. "ఫిల్ము చూడండి సార్, మా బాధ మీకే తెలుస్తుంది" అని రాస్తారు. ఫిల్ము చూస్తే బాధ తెలుస్తుందా? ఇదే నేటి మా విషయం. మేము డాక్టర్లం కాము. చదివినదీ, చదివి ఒక డాక్టరుగారికి చూపించి సరిచూసుకున్నదీ మాత్రమే చెబుతాం.

ముందుగా ఇద్దరి సంగతి. పేర్లు అడగవద్దు.

ఒక ఖాలాగారు, అరవై దాటిన మనిషి. రోజూ నడిచి వెళ్ళి కూరగాయలు తెచ్చుకునేవారు. ఒకనాడు గడప తట్టుకుని పడితే, ఎముక విరిగిందేమోనని ఫిల్ము తీయించారు. ఎముక విరగలేదు. కానీ రెండు మోకాళ్ళూ బాగా అరిగిపోయాయని, నాలుగో గ్రేడని రాసి ఇచ్చారు. అంతకు ముందు ఆమెకు చెప్పుకోదగ్గ నొప్పి లేదు. ఆ కాగితం ఇంటికి వచ్చిన రోజునుంచి కొడుకులు ఆమెను కదలనివ్వలేదు. "అమ్మీ, ఉన్న గుజ్జు కూడా అరిగిపోతుంది, కూర్చోండి" అన్నారు. ప్రేమతోనే అన్నారు. ఏడాది కూర్చున్నారు. బరువు పెరిగింది, తొడ కండలు సన్నబడ్డాయి. ఇప్పుడు నిజంగానే నొప్పి.

రెండవ ఆమె మిషను కుట్టి ముగ్గురు పిల్లలను చదివిస్తున్న తల్లి. వయసు యాభైకి లోపు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటుంది. నేలమీద కూర్చుంటే ఎవరో ఒకరు చెయ్యిచ్చి లేపాలి. ఆమె ఫిల్ములో "ఏమీ లేదు" అని వచ్చింది. ఇంట్లో అత్తగారు నాటకమన్నారు. మన నిధి కమిటీలో ఆమె దరఖాస్తు పక్కన పెట్టబడింది, ఎందుకంటే ఫిల్ములో జబ్బు కనపడలేదు. కమిటీవారిని నిందించడం మా ఉద్దేశం కాదు. కంటికి కనపడే రుజువు అడిగారు. డబ్బు అందరిదీ కదా, అడగవలసిందే. ఆ రుజువు దేనికి రుజువు అన్నదే ప్రశ్న.

1895 నవంబరులో జర్మనీలో రాంట్‌జన్ అనే ఆచార్యుడు ఈ కిరణాలను కనిపెట్టాడు. ఆ తరువాతి నెలలో తన భార్య చేతిని వాటి కెదురుగా పెట్టించి బొమ్మ తీశాడు. ఆ బొమ్మ మా సైన్సు పుస్తకాల్లో ఇప్పటికీ ఉంటుంది. వేళ్ళ ఎముకలు కనపడతాయి, వేలికున్న ఉంగరం కనపడుతుంది. కండ మసకగా ఒక నీడ, అంతే. అప్పటినుంచి ఇప్పటివరకు ఎక్స్‌రే స్వభావం మారలేదు. అది ఎముకను చూస్తుంది, లోహాన్ని చూస్తుంది. మెత్తనివాటి విషయంలో దాని చూపు మందం.

మోకాలిలో మనం గుజ్జు అంటున్నామే, పుస్తకాల్లో మృదులాస్థి అంటారు, అది మెత్తనిది. "చూడండి, గుజ్జు అరిగింది" అని డాక్టరు ఫిల్ము మీద వేలు పెట్టి చూపినప్పుడు నిజానికి అక్కడ గుజ్జు కనపడదు. తొడ ఎముకకూ కాలి ఎముకకూ మధ్యనున్న ఖాళీ కనపడుతుంది. ఖాళీ తగ్గితే గుజ్జు తగ్గిందని ఊహ. ఆ ఊహ చాలావరకు సరైనదే. కానీ ఆ ఖాళీలో గుజ్జే కాక, రెండు ఎముకల మధ్య నెలవంక ఆకారంలో ఉండే మెత్తలు కూడా ఉంటాయి. ఆ మెత్త పక్కకు జరిగినా ఖాళీ తగ్గినట్లే అగుపిస్తుంది. ఇంకొక మాట. పడుకోబెట్టి తీసిన ఫిల్ములో ఖాళీ ఉన్నదానికంటే ఎక్కువగా కనపడవచ్చు. నిలబెట్టి, కాలిమీద బరువు పడేటట్లు తీస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. మోకాలిచిప్ప వెనుక అరుగుదల అయితే ఎదురుగా తీసిన ఫిల్ములో సరిగా చిక్కదు, దానికి వేరే కోణంలో తీయాలి. మాకు వచ్చే దరఖాస్తుల్లో సగానికి పైగా ఎలా నిలబెట్టారో, ఎటునుంచి తీశారో రాసి ఉండదు.

ఇక ఆ గ్రేడు సంగతి. 1957లో ఇంగ్లండులో కెల్‌గ్రెన్, లారెన్సు అనే ఇద్దరు వైద్యులు కీళ్ళ ఫిల్ములకు మార్కులు వేసే పద్ధతి ఏర్పరచారు. సున్నా అంటే ఏమీ లేదు. ఒకటి అంటే అనుమానం. రెండు అంటే ఎముక అంచున ముల్లులాంటి పెరుగుదల స్పష్టంగా ఉంది. మూడులో ఖాళీ కూడా తగ్గింది. నాలుగులో ఎముకకు ఎముక దాదాపు తగులుతోంది. ఇప్పటికీ ప్రపంచమంతటా ఇవే మార్కులు. అయితే ఈ మార్కులు ఎవరికి వేశారో గుర్తుంచుకోవాలి. ఫిల్ముకు వేశారు, మనిషికి కాదు. ఇరవై ఏళ్ళుగా మార్కులు వేస్తున్నవాళ్ళం కనుక ఈ తేడా మాకు కొంచెం తెలుసు. నొప్పికి ఇందులో గడి లేదు.

ఇక్కడ మా లెక్కల బుద్ధి ఊరుకోదు. అమెరికాలో 1971 నుంచి కొన్నేళ్ళపాటు జరిగిన జాతీయ ఆరోగ్య పరిశీలనలో 25 నుంచి 74 ఏళ్ళ వయసువారు 6880 మంది మోకాళ్ళ ఫిల్ములను, వారు చెప్పిన నొప్పితో సరిపోల్చి 2000లో ప్రచురించారు. ఫిల్ములో రెండు లేక అంతకు మించి మార్కులు వచ్చినవారు 319 మంది. వారిలో నొప్పి ఉందన్నవారు 47 శాతం, సగం కూడా లేరు. నొప్పి ఉందన్నవారు మొత్తం 1004 మంది. వారిలో ఫిల్ము చెడినవారు 15 శాతం. పిల్లలూ, గుణించి చూడండి. 319లో 47 శాతం సుమారు 150. 1004లో 15 శాతం కూడా సుమారు 150. ఆ నూటయాభై మందే రెండు జాబితాల్లోనూ ఉన్నారన్నమాట. మిగిలినవారిలో కొందరికి ఫిల్ము మాత్రమే చెడింది, ఎక్కువమందికి నొప్పి మాత్రమే ఉంది. అయితే ఈ లెక్కలో చిన్నవయసువారు చాలామంది ఉన్నారు, పైగా ఆ ఫిల్ములు పడుకోబెట్టి తీసినవి. అందువల్ల 15 శాతమన్నది మరీ తక్కువగా వచ్చి ఉండవచ్చు. 2008లో ఇద్దరు బ్రిటిష్ పరిశోధకులు అప్పటివరకు జరిగిన పరిశీలనలన్నీ ఒకచోట చేర్చి చూశారు. నొప్పి ఉన్నవారిలో ఫిల్ము చెడినవారు ఒకచోట 15 శాతం, ఇంకొకచోట 76 శాతం. ఫిల్ము చెడినవారిలో నొప్పి ఉన్నవారు 15 శాతం నుంచి 81 శాతం దాకా. ఎవరిని చూశారు, ఎలా తీశారు, నొప్పి అంటే ఏమని అడిగారు అన్నదాన్నిబట్టి జవాబు మారిపోతోంది.

ఎందుకిలా? గుజ్జులో నరాలు లేవు. నెత్తురు కూడా లేదు. 1998లో అమెరికా ఎముకల వైద్యుడు స్కాట్ డై ఒక వింత పరీక్ష ప్రచురించాడు. మోకాలి లోపల మత్తుమందు ఇవ్వకుండా, తాను మెలకువగా ఉండగానే, తన మోకాళ్ళలోకి దుర్భిణి గొట్టం పెట్టించుకున్నాడు. లోపల ఒక్కొక్క భాగాన్నీ సన్నని పుల్లతో తాకుతుంటే తనకేమనిపిస్తోందో చెబుతూ పోయాడు. చిప్ప వెనుకనున్న గుజ్జును నొక్కితే ఏమీ తెలియలేదు. కీలు లోపలి పొరనూ, చిప్ప కిందనున్న కొవ్వు మెత్తనూ తాకితే మాత్రం ప్రాణం పోయేంత నొప్పి. ధైర్యానికి మెచ్చుకోవలసినదే, మన పిల్లలెవరూ ప్రయత్నించకూడనిదే! కాబట్టి "గుజ్జు అరిగింది గనుక నొప్పి" అన్నమాట అంత సూటిగా నడవదు. గుజ్జు అరిగితే దాని చుట్టూ ఉన్నవి, అంటే కీలు పొర వాచి, కింది ఎముక లోపల దెబ్బతిని, అవి నొప్పెడతాయి. ఎంత అరిగితే ఎంత వాస్తుందన్నది మనిషికీ మనిషికీ తేడా.

ఎముక లోపలి దెబ్బ ఎక్స్‌రేలో పడదు, ఎమ్మారైలో పడుతుంది. 2001లో బోస్టన్ వైద్యులు, ఫిల్ములో అరుగుదల ఉన్నవారినే రెండు జట్లుగా చూశారు. నొప్పి ఉన్న 351 మందిలో 272 మందికి ఎముక లోపల ఈ మచ్చలున్నాయి. నొప్పి లేని 50 మందిలో 15 మందికే ఉన్నాయి. "అయితే ఎక్స్‌రే మానేసి అందరం ఎమ్మారై తీయించుకుందాం" అంటారేమో, ఆగండి. 2012లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో యాభై దాటినవారు 710 మందికి, ఎక్స్‌రేలో మోకాలు బాగున్నవారినే ఎంచి, ఎమ్మారై తీశారు. 89 శాతం మందికి ఏదో ఒక లోపం కనపడింది. నొప్పి లేనివారిలో కూడా అంతే, పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి. ఎక్కువ డబ్బు పెట్టిన కొద్దీ ఎక్కువ లోపాలు కనపడతాయి. అందులో ఏది నొప్పెడుతోందో యంత్రం చెప్పదు.

ఇంతవరకు విన్నవారు ఫిల్ము వట్టి బూటకమనుకుంటే పొరపాటు. 2009లో ప్రచురించిన ఒక పరిశీలన మాకు అన్నింటికంటే నచ్చింది. అందులో ఒక మనిషిని ఇంకొక మనిషితో పోల్చలేదు. ఒకే మనిషి కుడి మోకాలిని ఎడమ మోకాలితో పోల్చారు. ఒక మోకాలు నొప్పి, రెండవది హాయి అనే మనుషులను రెండు బృందాల్లో ఏరారు. ఒకదానిలో 696 మంది, ఇంకొకదానిలో 336 మంది. ఒకే మనిషి గనుక వయసు, బరువు, పుట్టుక, నిద్ర, దిగులు, ఓర్పు అన్నీ రెండు కాళ్ళకూ ఒకటే. అలా చూసేసరికి ఫిల్ముకూ నొప్పికీ గట్టి సంబంధం తేలింది. మార్కు పెరిగిన కొద్దీ ఆ మోకాలే నొప్పి మోకాలయ్యే అవకాశం పెరుగుతూ పోయింది, నాలుగో మెట్టు దగ్గర విపరీతంగా పెరిగింది. ఎముక ముళ్ళకంటే ఖాళీ తగ్గడానికే నొప్పితో ఎక్కువ చుట్టరికమని కూడా తెలిసింది.

దీన్నిబట్టి మాకు అర్థమైనదేమంటే, అరుగుదల నొప్పికి కారణమే. కానీ ఇద్దరు వేర్వేరు మనుషులను పక్కపక్కన పెట్టి, వీరి ఫిల్ము బాగాలేదు గనుక వీరికే బాధ ఎక్కువ అనడానికి వీల్లేదు. మన కమిటీ చేస్తున్నది ఈ రెండో పనే.

ఒక మనిషికి ఎక్కువ, ఒకరికి తక్కువ ఎందుకంటే చాలా ఉన్నాయి. తొడ ముందరి కండ బలంగా ఉంటే మోకాలి మీది దెబ్బను అది కొంత కాస్తుంది. బరువు సంగతి అందరికీ తెలిసిందే, కానీ లెక్క తెలియదు. 2005లో తూచి చూసినదాని ప్రకారం, ఒంట్లో ఒక కిలో తగ్గితే నడిచేటప్పుడు ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. నిద్ర లేనివారికి, దిగులుతో ఉన్నవారికి నొప్పి హెచ్చుగా తెలుస్తుంది. నెలల తరబడి నొప్పి వచ్చిపోతుంటే నరాలే సున్నితమైపోతాయి, చిన్న తాకిడిని పెద్దదిగా మోస్తాయి. ఇది నాటకం కాదు తల్లులారా, కోడలి విషయంలో ఆ మాట వాడేముందు కొంచెం ఆలోచించండి. ఇంకొకటి, తుంటి కీలు చెడితే నొప్పి మోకాలిలో తెలియడం కద్దు. పైన చెప్పిన కెల్‌గ్రెన్‌గారే 1930ల చివర లండన్‌లో కండల్లోకి ఉప్పునీరు సూదివేసి, ఒకచోట పొడిస్తే నొప్పి వేరొకచోట తెలుస్తుందని చూపించాడు. మోకాలి ఫిల్ము శుభ్రంగా ఉండి నొప్పి ఉంటే తుంటిని కూడా చూడమని డాక్టరును అడగాలి.

మరి ఫిల్ము ఎప్పుడు కావాలి? ఇంగ్లండులో వైద్యులకు దారి చెప్పే నైస్ అనే సంస్థ 2022లో ఇచ్చిన సూచన ఇది. వయసు 45 దాటి, పని చేస్తే వచ్చే నొప్పి అయి, పొద్దున లేవగానే బిగువు అరగంటకు మించకపోతే, ఫిల్ము లేకుండానే ఇది కీలు అరుగుదల అని తేల్చవచ్చు. దెబ్బ తగిలినా, మోకాలు ఎర్రబడి వేడెక్కి వాచినా, జ్వరం ఉన్నా, మడత పడి ఇరుక్కుపోయినా, రాత్రి కదలకుండా పడుకున్నప్పుడు కూడా పొడుస్తున్నా ఆలస్యం చేయకుండా వెళ్ళాలి, అప్పుడు ఫిల్ములూ రక్త పరీక్షలూ తప్పవు. శస్త్రచికిత్స అనుకున్నప్పుడు కూడా ఫిల్ము తప్పదు.

శస్త్రచికిత్స అంటే జ్ఞాపకం వచ్చింది. గొట్టం పెట్టి కీలు కడిగి శుభ్రం చేస్తామనే పద్ధతి ఒకటుంది. 2002లో అమెరికాలో హ్యూస్టన్ వైద్యులు 180 మందిని మూడు జట్లుచేసి, ఒక జట్టుకు చర్మం మీద గాట్లు మాత్రం పెట్టి కుట్టేశారు. ఎవరికేది చేశారో రోగులకు తెలియదు. రెండేళ్ళు చూస్తే మూడు జట్లకూ నొప్పిలో తేడా లేదు. ఆ కడుగుడు కోసం నగలు తాకట్టు పెట్టవద్దని మా మనవి. కీలు మార్పిడి వేరు. ఫిల్ములో బాగా చెడి, నొప్పితో రోజు గడవనివారికి అది గొప్ప మేలు, చేయించుకుని హాయిగా తిరిగేవారు ఈ సభలోనే కూర్చున్నారు. అయినా మార్పిడి తరువాత కూడా సుమారు అయిదుగురిలో ఒకరికి నొప్పి మిగులుతోంది. ఫిల్ములో అంతగా చెడనివారికి లాభం తక్కువ. అంటే నొప్పీ ఉండాలి, ఫిల్మూ చెడాలి. రెండూ కలిసినప్పుడే ఆ మాట.

మాత్రల గురించి ఒక్క మాట. నొప్పి మాత్రలు కడుపునూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తాయి, చక్కెర, రక్తపోటు ఉన్నవారు మందుల షాపులో అడిగి తెచ్చుకోవద్దు. పొట్లాలు కట్టి ఇచ్చే పేరులేని పొడుల్లో స్టెరాయిడు కలిపిన సందర్భాలు మన దేశంలో చాలా బయటపడ్డాయి. రెండు రోజుల్లో నొప్పి మాయమైతే సంతోషించడానికి బదులు అనుమానించండి.

ఇక వ్యాయామం. కుర్చీలో కూర్చుని, ఒక కాలు ముందుకు చాచి, మోకాలు బిగించి, మెల్లగా అయిదు లెక్కపెట్టి దించండి. పదిసార్లు. తరువాత రెండో కాలు. పూటకొకసారి. మొదటి వారం కొంచెం నొప్పెట్టవచ్చు, ఓర్చుకోగలిగినంతే చేయండి. రెండు నెలలు చేయకుండా ఫలితం లేదనవద్దు. దీనికి తోడు నడక. నడిస్తే గుజ్జు అరుగుతుందన్న భయం వదలండి. గుజ్జులో నెత్తురు లేదన్నాం కదా, కదలికతో కీలులోని నీరు పిండుకుని లోపలికి వెళ్తేనే దానికి ఆహారం. గొంతుక్కూర్చోవడం, పూర్తిగా మడిచి కూర్చోవడం మాత్రం నొప్పి ఉన్నవారు తగ్గించుకోవాలి. నమాజులో కుర్చీ విషయం మమ్మల్ని అడగవద్దు, అది ఇమాంగారిని అడగండి. మేము చెప్పగలిగేది మోకాలి మడత గురించే.

చివరిగా కార్యవర్గానికి ఒక ప్రతిపాదన. మన దరఖాస్తు ఫారంలో మోకాలి జబ్బుకు "ఎక్స్‌రే జతపరచవలెను" అని ఒకే వరుస ఉంది. ఆ వరుస ఉంచండి. దాని కింద ఇంకో నాలుగు వరుసలు చేర్చండి. నొప్పి ఎన్ని నెలలుగా ఉంది? మెట్లు ఎక్కి దిగగలరా? నేలమీద కూర్చుని ఎవరి సాయం లేకుండా లేవగలరా? నొప్పివల్ల మానుకున్న పని ఏది? ఈ జవాబులను డాక్టరు చూసి సంతకం చేస్తే చాలు. నిధిలో కొంత భాగం ఆపరేషన్లకే కాక ఫిజియోథెరపీ చేయించుకునేవారికి కూడా కేటాయించాలి. పక్కన పెట్టిన పాత దరఖాస్తులు మా దగ్గర ఫైలులో ఉన్నాయి, మొత్తం పదకొండు. కొత్త ఫారం అచ్చయిన మరునాడే వారి ఇళ్ళకు వెళ్ళి నింపించుకు వచ్చే బాధ్యత మాది, మా తొమ్మిదో తరగతి పిల్లలది.